వ్యక్తిగత వెబ్‌సైట్లలో వచ్చే కొత్త టపాలను తప్పిపోకుండా చదవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

మనకు నచ్చిన రచయిత తన సొంత వెబ్‌సైటులో కొత్త టపా, అంటే కొత్త రాత, పెట్టినప్పుడు ఆ సంగతి మనకు తెలిసేదెలా అన్న ప్రశ్న తరచుగా వినబడుతోంది. అప్పుడప్పుడూ వెళ్ళి చూసినా, వెళ్ళినప్పుడు కొత్తదేమీ ఉండదనీ, మరిచిపోయిన నెలలోనే మూడు టపాలు వచ్చి ఉంటాయనీ అడిగినవారు చెబుతుంటారు. దినపత్రిక తెల్లవారేసరికి గుమ్మంలో పడుతుంది కనుక దానికి ఏ ఏర్పాటూ అక్కరలేదు. వ్యక్తిగత వెబ్‌సైటులో మాత్రం రాసేవారికి తీరిక చిక్కినప్పుడే టపా వస్తుంది.

నేను చదివే సైట్లలో ఒకటి మా జిల్లా చెరువుల గురించీ తూముల గురించీ ఒక విశ్రాంత ఇంజినీరు రాసేది. ఏడాదికి నాలుగైదు టపాలకు మించవు. ఒకసారి ఫిబ్రవరిలో ఆయన మా ఊరి చెరువు తూము మీద ఒక టపా రాసి, ఆ రాతి మీది అక్షరాల సంగతి ఎవరికైనా తెలిస్తే చెప్పమని అడిగారు. నేను దాన్ని ఆగస్టులో చూశాను. కొత్త టపాలను ఈమెయిలుకు పంపుతున్న ఒక ఉచిత సేవ ఏ కబురూ లేకుండా ఆగిపోయిందని అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ అక్షరాల గురించి మా తాతగారు చెప్పింది నాకు గుర్తుంది గానీ, నేను జవాబు రాసేసరికి ఆ ఇంజినీరు ఆ పని ముగించి వేరే ఊరి చెరువు దగ్గరకు వెళ్ళిపోయారు.

అందుకే కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఒకే గీటురాయి మీద పెట్టి చూశాను: ఏడాదికి నాలుగు టపాలు మాత్రమే వచ్చే సైటు ఈ పద్ధతిలో తప్పిపోతుందా, లేదా?

## 1. ముందుగా జాబితా రాసుకోవాలి

చాలామంది ఫోనులో ఏదో ఒక యాప్ దించుకోవడంతో పని మొదలుపెడతారు. ఆ యాప్ వార్తాసంస్థలను సిఫారసు చేస్తుంది, నాలుగింటిని నొక్కుతారు, వారం తిరగకుండా రోజుకు మూడు వందల వార్తలు వచ్చిపడి యాప్ తీసేస్తారు. కాబట్టి ముందు కాగితం మీద జాబితా, తరువాతే యాప్.

మీరు నిజంగా చదవాలనుకునే సైట్లు గుర్తుకు రావాలంటే మూడు చోట్ల వెతకండి. ఒకటి, బ్రౌజరులో దాచుకున్న బుక్‌మార్కులు. రెండు, బ్రౌజరు చరిత్ర. గత మూడు నెలల్లో రెండు మూడుసార్లు వెళ్ళిన సైట్లు అందులో దొరుకుతాయి. మూడు, వాట్సాప్‌లో మీరు ఇతరులకు పంపిన లంకెలు. ఇతరులకు పంపాలనిపించిన టపా ఏ సైటుదో అది మీ జాబితాలో తప్పక ఉండవలసినదే.

ప్రతి సైటుకూ ఈ నాలుగు సంగతులు రాసుకోండి:

☐ సైటు ముఖపుట చిరునామా (ఏదో ఒక టపా చిరునామా చాలదు)
☐ గత ఏడాదిలో వచ్చిన టపాల సంఖ్య, ఉజ్జాయింపుగా
☐ మీకు అన్ని టపాలూ కావాలా, ఒక విభాగం మాత్రమే కావాలా
☐ సైటు ఏ వేదిక మీద, అంటే ఏ సేవ సాయంతో, నడుస్తోంది (బ్లాగర్, వర్డ్‌ప్రెస్, సబ్‌స్టాక్ వంటివి)

వేదిక ఏదో తెలియకపోతే పుట అట్టడుగున చూడండి, చాలా సైట్లలో అక్కడ రాసి ఉంటుంది. అక్కడా లేకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేయండి. మొదటిసారికి పది పదిహేను సైట్లు చాలు.

## 2. ఫీడ్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి

ఆర్‌ఎస్‌ఎస్, ఆటమ్ అనే పేర్లు వినే ఉంటారు. ఈ రెండూ ఫీడ్‌ను రాసే రెండు పద్ధతులు. చదివేవారికి తేడా ఏమీ ఉండదు. ఫీడ్ అంటే సైటు తనంతట తానే సిద్ధం చేసుకునే ఒక చిన్న ఫైలు. అందులో ఇటీవలి టపాల పేర్లు, తేదీలు, లంకెలు, టపా పాఠం లేదా దాని మొదటి కొన్ని వాక్యాలు ఉంటాయి. రచయిత కొత్త టపా ప్రచురించగానే ఈ ఫైలులో పైన ఒక వరుస చేరుతుంది. మీ తరఫున రీడర్ అనే యాప్ ఈ ఫైలును కొంత సేపటికోసారి తెరిచి, కొత్త వరుస ఉంటే మీకు చూపిస్తుంది.

దీనిలోని మేలు గీటురాయి మీద పెడితే స్పష్టంగా తెలుస్తుంది. సైటు తొమ్మిది నెలలు మౌనంగా ఉన్నా రీడర్ విసుగు లేకుండా చూస్తూనే ఉంటుంది. ఏ టపా మీకు చూపాలో మధ్యలో నిర్ణయించేవారు ఉండరు. మీ ఈమెయిలు చిరునామా ఎవరికీ ఇవ్వనక్కరలేదు. సామాజిక మాధ్యమాల్లో ఒక పేజీని అనుసరించినంత మాత్రాన దాని ప్రతి రాతా మీకు కనబడుతుందన్న పూచీ లేదు. అరుదుగా రాసేవారి రాతలే అక్కడ ముందుగా అడుగున పడిపోతాయి.

ఒక పరిమితిని మాత్రం గుర్తుంచుకోవాలి. ఫీడ్‌లో అన్ని టపాలూ ఉండవు. వర్డ్‌ప్రెస్ మామూలుగా చివరి 10 టపాలను, బ్లాగర్ చివరి 25 టపాలను ఇస్తాయి. పాత టపాలు కావాలంటే సైటుకు వెళ్ళి భాండాగారంలో చదువుకోవలసిందే.

## 3. రీడర్‌ను ఎంచుకోవాలి

రీడర్లు రెండు రకాలు. మొదటి రకం ఆన్‌లైన్‌లో నడుస్తుంది: మీరు ఖాతా తెరుస్తారు, ఆ సంస్థ కంప్యూటర్లు మీ తరఫున ఫీడ్లను చూస్తుంటాయి, ఫోనులో తెరిచినా కంప్యూటరులో తెరిచినా ఒకే జాబితా కనబడుతుంది. ఫీడ్లీ, ఇనోరీడర్, న్యూస్‌బ్లర్, ది ఓల్డ్ రీడర్ ఈ కోవలోవి. ఉచిత ఖాతాలకు హద్దు ఉంటుంది. ఫీడ్లీలో 100, న్యూస్‌బ్లర్‌లో 64 సైట్ల వరకూ చేర్చుకోవచ్చు. ఈ హద్దులు మారుతుంటాయి కనుక ఖాతా తెరిచే రోజున ఒకసారి సరిచూసుకోండి.

రెండో రకం మీ పరికరంలోనే నడుస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఫీడర్, ఐఫోనులోనూ మ్యాక్‌లోనూ నెట్‌న్యూస్‌వైర్ ఉచితంగా దొరుకుతాయి, ఖాతా అక్కరలేదు. కంప్యూటరులో ఈమెయిలుకు థండర్‌బర్డ్ వాడేవారికి విడిగా ఏదీ అవసరం లేదు; ఫైల్ మెనూలోని న్యూ కింద ఫీడ్ అకౌంట్ అన్నది ఎంచుకుంటే ఈమెయిలు పక్కనే ఫీడ్లు కూడా వచ్చి చేరతాయి. వివాల్డీ బ్రౌజరులోనూ రీడర్ ఉంది.

ఏది మేలు? ఫోనూ కంప్యూటరూ రెండింటిలోనూ చదివేవారికి ఆన్‌లైన్ రీడరే సుఖం. ఒక్క ఫోనులోనే చదివేవారికి పరికరంలో నడిచేది చాలు, కానీ దానిలో ఒక చిక్కు ఉంది. అటువంటి రీడర్ మీ ఫోను పనిచేస్తున్నప్పుడే ఫీడ్‌ను తెరవగలదు. మీరు రెండు నెలలు యాప్ తెరవకుండా, నేపథ్యంలో నడవడానికి దానికి అనుమతి కూడా ఇవ్వకుండా ఉండి, ఈలోగా రచయిత పదిహేను టపాలు రాస్తే, వర్డ్‌ప్రెస్ ఫీడ్‌లో చివరి పదే మిగిలి ఉంటాయి, మొదటి అయిదు మీకు అందవు. కాబట్టి ఫోను సెట్టింగుల్లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్ష తీసివేయండి.

ఒక రీడర్‌తోనే మొదలుపెట్టండి. రెండింటిని పోల్చి చూద్దామని రెండింటిలోనూ సైట్లు చేర్చినవారు సాధారణంగా రెండింటినీ వదిలేస్తారు.

## 4. ఫీడ్ చిరునామా కనుక్కోవాలి

చాలామంది ఆగిపోయే మెట్టు ఇదే. ఈ వరుసలో ప్రయత్నించండి. మొదటి మెట్టులోనే పని అయిపోతే తక్కినవి వదిలేయవచ్చు.

4.1 ముఖపుట చిరునామానే ఇచ్చి చూడండి. రీడర్‌లో కూడిక గుర్తు నొక్కి, సైటు ముఖపుట చిరునామా అతికించండి. సైటు తన ఫీడ్ ఎక్కడుందో పుట లోపలే రాసి ఉంచితే, రీడర్ దాన్ని పట్టుకుంటుంది. ఎక్కువ సైట్లకు ఇదే సరిపోతుంది.

4.2 సైటులో గుర్తు కోసం చూడండి. నారింజ రంగు చతురస్రంలో ఒక చుక్క, దాని నుంచి వెలువడే రెండు వంపు గీతలు ఫీడ్‌కు గుర్తు. పక్క పట్టీలోనో పుట అడుగునో ఉంటుంది. దాన్ని తెరవకుండా, దాని మీద వేలు అదిమి ఉంచి లంకె చిరునామాను కాపీ చేసుకోండి.

4.3 వేదికను బట్టి ఊహించండి. ముఖపుట చిరునామా తరువాత కింది మాటలను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఖాళీ లేకుండా చేర్చాలి.

- వర్డ్‌ప్రెస్, సబ్‌స్టాక్: స్లాష్ (/ గుర్తు), ఫీడ్.
- బ్లాగర్: స్లాష్, ఫీడ్స్, స్లాష్, పోస్ట్స్, స్లాష్, డిఫాల్ట్. ఫీడ్స్‌లోనూ పోస్ట్స్‌లోనూ చివరి ఎస్ మరిచిపోకూడదు. చాలామంది తప్పేది అక్కడే.
- ఘోస్ట్, టంబ్లర్: స్లాష్, ఆర్‌ఎస్‌ఎస్.
- మీడియం: ఇక్కడ క్రమం వేరు. సైటు పేరు తరువాత స్లాష్ ఫీడ్, ఆ తరువాత స్లాష్, ఎట్ గుర్తుతో మొదలయ్యే రచయిత పేరు.
- హ్యూగోతో చేసిన సైట్లు: స్లాష్, ఇండెక్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్.
- జెకిల్‌తో చేసిన సైట్లు: స్లాష్, ఫీడ్ డాట్ ఎక్స్‌ఎంఎల్.

తెలుగు పాఠకులకు ఒక సంగతి ఉపయోగపడుతుంది. బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అని ముగిసే పాత లంకెలు ఇప్పటికీ చాలా చోట్ల కనబడుతుంటాయి. అటువంటి చిరునామా సరిగా తెరుచుకోకపోతే, చివరి ఇన్ తీసి కామ్ అని పెట్టి చూడండి; సైటు సాధారణంగా అక్కడే ఉంటుంది.

4.4 పుట మూలాన్ని తెరవండి. పై మూడూ ఫలించకపోతే కంప్యూటరులో సైటు తెరిచి కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కండి. పుట వెనక ఉన్న సంకేతాలన్నీ కనబడతాయి. కంట్రోల్, ఎఫ్ నొక్కి, వెతికే పెట్టెలో ఆర్‌ఎస్‌ఎస్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి; దొరకకపోతే ఆటమ్ అని కొట్టండి. ఆల్టర్నేట్ అన్న మాట ఉన్న వరుసలో హెచ్‌రెఫ్ (href) అన్న మాట పక్కన కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదే ఫీడ్ చిరునామా.

4.5 ఒక విభాగం మాత్రమే కావాలంటే. ఒక రచయిత కథలూ, రాజకీయాలూ, వంటలూ రాస్తుంటే, మీకు కథలే కావాలనుకుందాం. వర్డ్‌ప్రెస్‌లో కథల విభాగం పుట తెరిచి, ఆ చిరునామా చివర స్లాష్ ఫీడ్ చేర్చితే ఆ విభాగం ఫీడ్ వస్తుంది. బ్లాగర్‌లో మామూలు ఫీడ్ చిరునామా తరువాత స్లాష్, అడ్డగీత, స్లాష్ పెట్టి లేబుల్ (బ్లాగర్‌లో విభాగాన్ని అలా అంటారు) పేరు రాయాలి.

లేబుల్ పేరు తెలుగులో ఉంటే చిరునామా చూసి కంగారు పడవద్దు. "కథలు" అన్న మాటను బ్రౌజరు నుంచి కాపీ చేస్తే అది శాతం గుర్తులతో, ఇంగ్లీషు అక్షరాలతో, అంకెలతో 36 గుర్తుల వరుసగా మారిపోతుంది. యూనికోడ్‌ను చిరునామాల్లో రాసే పద్ధతిలో (యూటీఎఫ్-8) ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి, చిరునామాలో ఒక్కో బైటు మూడు గుర్తులుగా రాయబడుతుంది, కాబట్టి ఒక్కోదానికి తొమ్మిది. క, థ, ల, చివరి కొమ్ము కలిపి నాలుగు. నాలుగు తొమ్ములు ముప్పై ఆరు. ఇది పాడైన లంకె ఎంతమాత్రం కాదు, మొత్తం యథాతథంగా అతికించండి. వాట్సాప్ ద్వారా వచ్చిన పొడవైన చిరునామా మధ్యలో తెగిపోయి ఉండవచ్చు కనుక దాని మీద ఆధారపడక, సైటులోనే ఆ లేబుల్ మీద నొక్కి చిరునామా తీసుకోండి.

## 5. చేర్చిన వెంటనే సరిచూసుకోవాలి

ఫీడ్ చేర్చగానే టపాల పేర్లు కనబడతాయి, పని అయిపోయిందనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగి మూడు పరీక్షలు చేయండి.

☐ రీడర్‌లో పైన ఉన్న టపా, సైటు ముఖపుటలో పైన ఉన్న టపా ఒకటేనా? కాకపోతే మీరు పాత ఫీడ్‌నో, ఒక విభాగపు ఫీడ్‌నో చేర్చారు.
☐ పేర్లలో "వ్యాఖ్య" అన్న మాటగాని, పాఠకుల పేర్లుగాని కనబడుతున్నాయా? కనబడితే మీరు చేర్చినది టపాల ఫీడ్ కాదు, వ్యాఖ్యల ఫీడ్. వర్డ్‌ప్రెస్ సైట్లు రెండింటినీ ఇస్తాయి కనుక ఈ పొరపాటు చాలా సులువుగా జరుగుతుంది.
☐ ఒక టపా తెరిస్తే మొత్తం పాఠం వస్తోందా, నాలుగు వాక్యాలే వస్తున్నాయా? నాలుగే వస్తే అది రచయిత ఎంచుకున్న ఏర్పాటు. లంకె నొక్కి సైటులో చదవాలి. కొన్ని రీడర్లలో పూర్తి పాఠం తెచ్చే మీట ఉంటుంది.

అన్ని సైట్లనూ ఒకే రోజు చేర్చకండి. మొదటి రోజు అయిదు చేర్చి, వాటిలో ఒక్కటైనా కొత్త టపా తెచ్చేదాకా చూసి, తరువాత తక్కినవి చేర్చండి. ఏదైనా తప్పు చేసి ఉంటే అది అయిదింటిలోనే బయటపడుతుంది.

## 6. ఫోల్డర్లను రాసే వేగాన్ని బట్టి కట్టాలి

మొదటిసారి ఫోల్డర్లు కట్టేటప్పుడు అందరూ విషయాన్ని బట్టి కడతారు: సాహిత్యం, వంటలు, సాంకేతికం, సినిమా. నేనూ చాలాకాలం అలాగే కట్టాను. దానిలో జరిగేదేమిటంటే, సాహిత్యం ఫోల్డరులో రోజుకు మూడు టపాలు వచ్చే పత్రిక ఒకటి, ఏడాదికి నాలుగు టపాలు రాసే కవి ఒకరు పక్కపక్కన ఉంటారు. పత్రిక టపాలు వందకు చేరినప్పుడు మనం విసిగి "అన్నీ చదివినట్టే" అన్న మీట నొక్కుతాం, ఆ వంద అడుగున కవి టపా ఒకటి చదవకుండానే వెళ్ళిపోతుంది. రీడర్ తన పని సరిగానే చేసింది, తప్పిపోయింది మన చేతిలో.

అందుకని మూడు ఫోల్డర్లు చాలు:

అరుదు. నెలకు ఒకటి లేదా అంతకన్నా తక్కువ టపాలు వచ్చే సైట్లు. ఈ ఫోల్డరులో "అన్నీ చదివినట్టే" మీట ఎప్పుడూ నొక్కకూడదు. ప్రతి టపానూ తెరిచి, చదవడమో వద్దనుకోవడమో ఒక్కొక్కటిగా నిర్ణయించాలి. నోటిఫికేషన్లు కావాలనుకుంటే ఈ ఒక్క ఫోల్డరుకే పెట్టుకోండి. నెలకు నాలుగైదుకు మించి మోగవు.

వారానికోసారి. వారానికి ఒకటి రెండు టపాలు వచ్చేవి. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట కేటాయిస్తే సరిపోతుంది.

ధార. రోజూ వచ్చేవి. పేర్ల మీద చూపు పరిగెత్తించి, నచ్చిన రెండింటిని తెరిచి, తక్కినవాటిని నిస్సంకోచంగా తుడిచేయవచ్చు.

ఫోల్డర్ల పేర్ల ముందు 1, 2, 3 అంకెలు వేస్తే అరుదు ఎప్పుడూ పైన ఉంటుంది. రీడర్ తెరవగానే అన్ని టపాలూ కలిపి చూపే పుట కాకుండా ఈ ఫోల్డరే తెరుచుకునేలా సెట్టింగుల్లో మార్చుకోగలిగితే మార్చుకోండి. ఇంత మార్గదర్శిలో ఒక్క సలహాయే పాటిస్తాననేవారు ఈ ఫోల్డరు సలహా పాటించండి.

## 7. ఈమెయిలు చందా: రెండో మార్గం

రీడర్ తెరిచే అలవాటు పట్టుబడనివారికి, రోజూ ఈమెయిలు చూసేవారికి చందా బాగా పనిచేస్తుంది. క్రమం ఇది:

1. సైటులోని చందా పెట్టెలో ఈమెయిలు ఇవ్వండి.
2. పది నిమిషాల్లో ధ్రువీకరణ ఈమెయిలు వచ్చిందేమో చూడండి. రాకపోతే స్పామ్‌లోనూ, జీమెయిలులో ప్రమోషన్స్ ట్యాబులోనూ వెతకండి. అందులోని లంకె నొక్కకపోతే చాలా సేవల్లో చందా మొదలుకాదు. "పేరు ఇచ్చాను, ఏమీ రావడం లేదు" అనేవారిలో చాలామంది ఆగింది ఇక్కడే.
3. పంపినవారి చిరునామాతో జీమెయిలులో ఫిల్టరు తయారుచేసి, స్పామ్‌కు ఎప్పుడూ పంపవద్దన్న గడికి టిక్కు పెట్టండి. "అరుదు" అన్న లేబుల్ కూడా తగిలించండి.
4. మొదటి టపా వచ్చేదాకా ఆ సైటు పేరు మీ కాగితం జాబితాలో కొట్టివేయకండి.

పాత సైట్ల విషయంలో ఒక జాగ్రత్త. గూగుల్ వారి ఫీడ్‌బర్నర్ తన ఈమెయిలు చందా సేవను 2021 జులైలో ఆపివేసింది. తెలుగులో ఎన్నో బ్లాగర్ సైట్లు దానినే వాడేవి, వాటిలో కొన్నింటిలో ఆ పాత పెట్టె ఇంకా అలాగే ఉండవచ్చు. అటువంటి సైటుకు ఫీడ్ మార్గమే పట్టండి. ఈమెయిలుకే రావాలని పట్టుదల ఉంటే, ఫీడ్‌ను ఈమెయిలుగా మార్చి పంపే బ్లాగ్‌ట్రాటర్, ఫాలో డాట్ ఇట్ వంటి సేవలకు ఆ ఫీడ్ చిరునామా ఇవ్వవచ్చు.

గీటురాయి మీద ఈమెయిలు చందాకు ఒక లోపముంది. చందా ఆగిపోయినా, సైటు మౌనంగా ఉన్నా మీ పెట్టెలో కనబడేది ఒకటే, శూన్యం. చెరువుల టపాను నేను కోల్పోయింది అందువల్లే. ఏడాదికి నాలుగు టపాలు వచ్చే సైటుకు ఈమెయిలు పెట్టుకున్నా, ఫీడ్ కూడా చేర్చి ఉంచండి.

## 8. ఫీడూ చందా రెండూ లేని సైట్లు

చేత్తో రాసుకున్న పుటలు, కొన్ని విశ్వవిద్యాలయ ఆచార్యుల సొంత పుటలు ఇలా ఉంటాయి. వీటికి పుటలో మార్పును కనిపెట్టే సేవలు ఉన్నాయి. విజువల్‌పింగ్, డిస్టిల్ అటువంటివి. పుట చిరునామా ఇచ్చి, టపాల పేర్లు ఉన్న భాగాన్ని మాత్రమే గీతతో చుట్టి ఎంచుకోవాలి. పుట మొత్తాన్ని ఎంచుకుంటే సందర్శకుల సంఖ్య మారినా, ప్రకటన మారినా కబురు వస్తుంది, మూడో రోజుకు మీరే దాన్ని ఆపేస్తారు. రోజుకు ఒకసారి చూడమంటే చాలు.

ఇదీ కుదరకపోతే బ్రౌజరులో ఒక బుక్‌మార్కు ఫోల్డరు చేసి "నెల మొదటి ఆదివారం" అని పేరు పెట్టండి. ఆ రోజున ఫోల్డరు మీద కుడి మీట నొక్కి అన్నింటినీ ఒకేసారి తెరవవచ్చు. ఫోను క్యాలెండరులో నెలనెలా గుర్తుచేసేలా పెట్టుకోవాలి, ఎందుకంటే జ్ఞాపకం మీద నడిచే ఏర్పాటు రెండో నెలలోనే ఆగిపోతుంది.

రచయితకు వాట్సాప్ ఛానెల్ లేదా టెలిగ్రామ్ ఛానెల్ ఉంటే చేరి, గంట గుర్తు నొక్కి నోటిఫికేషన్లు ఆన్ చేసుకోండి. బ్రౌజరులో "అనుమతించండి" అంటూ సైటు అడిగే నోటిఫికేషన్లకు మాత్రం ఒప్పుకోవద్దని నా సలహా. అవి ఆ ఒక్క బ్రౌజరుకే పరిమితం, ఫోను మార్చినా చరిత్ర తుడిచినా పోవచ్చు, ఒకసారి పక్కకు తోసిన కబురు మళ్ళీ దొరకడం కష్టం.

## 9. తరచుగా వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

ఫీడ్ లంకె తెరిస్తే పిచ్చిగీతల్లా సంకేతాలు కనబడుతున్నాయి. ఇది తప్పు కాదు. ఫీడ్ మనుషుల కోసం రాసింది కాదు, రీడర్ కోసం రాసింది. చిరునామా కాపీ చేసి రీడర్‌లో అతికించండి. కొన్ని బ్రౌజర్లు దాన్ని ఫైలుగా దించుతాయి. ఆ ఫైలును తీసివేయవచ్చు.

ఒకే రోజు ఒక సైటు నుంచి పాత టపాలన్నీ కొత్తవిగా వచ్చాయి. రచయిత వేదికనో చిరునామానో మార్చారు. ప్రతి టపాకూ ఫీడ్‌లో ఒక గుర్తింపు సంకేతం ఉంటుంది. అది మారితే రీడర్ దానిని కొత్త టపా అనుకుంటుంది. సైటుకు వెళ్ళి నిజంగా కొత్తవి ఏవో చూసి, తక్కినవాటిని చదివినట్టుగా గుర్తుపెట్టండి. ఫీడ్‌ను తీసేసి మళ్ళీ చేర్చితే ఇదే మళ్ళీ జరుగుతుంది.

సైటులో కొత్త టపా ఉంది, రీడర్‌లో లేదు. ముందు ఒక రోజు ఆగండి. ఉచిత ఖాతాల్లో రీడర్ కొన్ని గంటలకోసారి మాత్రమే చూస్తుంది. మరునాటికీ రాకపోతే ఫీడ్ చిరునామాను బ్రౌజరులో తెరవండి. అందులో కొత్త టపా ఉంటే లోపం రీడర్‌ది, దానిని రిఫ్రెష్ చేయండి. అందులోనూ లేకపోతే సైటు ఫీడ్ మారింది, నాలుగో భాగంలోని మెట్లు మళ్ళీ ఎక్కండి. ఫీడ్ మీ బ్రౌజరులో తెరుచుకుని రీడర్‌లో మాత్రం ఎర్ర గుర్తు చూపుతుంటే, సైటు రక్షణ ఏర్పాటు రీడర్‌ను యంత్రమని అడ్డుకుంటూ ఉండవచ్చు. రచయితకు ఈ సంగతి చెబుతూ మర్యాదగా నాలుగు వాక్యాలు రాయండి, ఎందుకంటే తన ఫీడ్ పాడైందన్న సంగతి చాలాసార్లు రాసేవారికి తెలియనే తెలియదు.

టపా పేరు చూసి తెరిస్తే పుట లేదంటోంది. రచయిత ప్రచురించి, వెంటనే వెనక్కి తీసుకున్నారు. రీడర్‌లో పాఠం మిగిలి ఉండవచ్చు. వెనక్కి తీసుకున్నదాన్ని ఇతరులకు పంపకపోవడం మర్యాద.

## 10. తెలుగు మాటలతో వడపోత పెట్టేటప్పుడు

కొన్ని రీడర్లు ఒక మాట ఉన్న టపాలను మాత్రమే చూపే వడపోతను ఇస్తాయి, కొన్నింటిలో అది డబ్బు కట్టినవారికే. తెలుగుకు దానిని వాడేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, తెలుగు మాట విభక్తితో, బహువచనంతో రూపు మారుతుంది. "పుస్తకం" అని వడపోత పెడితే "పుస్తకాలు", "పుస్తకానికి" అన్నవి దొరకవు. మూడింటిలోనూ మారకుండా ఉండే "పుస్తక" అన్న భాగాన్నే ఇవ్వండి. "ప్రయాణం" బదులు "ప్రయాణ" అలాగే. అయితే పూర్తి మాటలను మాత్రమే పోల్చే రీడర్‌లో ఇది పనిచేయదు. తెలిసిన ఒక పాత టపా మీద ముందు పరీక్షించి చూడండి.

రెండోది కంటికి కనబడదు. "వెబ్‌సైటు" అన్న మాటలో బకు, సైకి మధ్య అక్షరాలు కలిసి ఒత్తుగా మారకుండా ఆపే ఒక కనబడని గుర్తు ఉంటుంది. ఒకరు దానిని పెట్టి రాస్తారు, ఇంకొకరు పెట్టకుండా రాస్తారు, కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు మాటలు. అటువంటి మాటలను వడపోతకు వాడకండి, లేదా రెండు రూపాలనూ ఇవ్వండి.

"అరుదు" ఫోల్డరుకు ఏ వడపోతా పెట్టకూడదు.

## 11. ఆరు నెలలకోసారి చేయవలసిన పని

గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడినప్పుడు, తమ జాబితాను ముందే దించుకున్నవారు వేరే రీడర్‌కు అదే రోజు మారిపోగలిగారు. ఆ జాబితా ఫైలును ఓపీఎంఎల్ అంటారు. ప్రతి మంచి రీడర్ సెట్టింగుల్లో ఎగుమతి అన్న చోట అది దొరుకుతుంది; చిన్న ఫైలు, ఈమెయిలులో మీకు మీరే పంపుకుంటే సరిపోతుంది. మరో రీడర్‌లో దిగుమతి అన్న చోట దానిని ఇస్తే ఫోల్డర్లతో సహా అన్నీ వస్తాయి.

జనవరిలోనూ జులైలోనూ ఈ పనులకు ఒక గంట కేటాయించండి:

☐ ఓపీఎంఎల్ ఫైలు దించి, పేరులో తేదీ వేసి భద్రపరచడం
☐ ఆరు నెలలుగా ఏ టపా రాని ప్రతి సైటునూ బ్రౌజరులో తెరిచి, మౌనంగా ఉందా, చిరునామా మారిందా అని చూడటం
☐ చిరునామా మారిన సైట్లకు కొత్త ఫీడ్ చేర్చి, పాతదాన్ని తీసివేయడం
☐ ధార ఫోల్డరులో ఆరు నెలలుగా ఒక్కటీ తెరవని సైట్లను తీసివేయడం
☐ రాసే వేగం మారిన సైట్లను తగిన ఫోల్డరుకు మార్చడం

రెండో పనిలో మౌనంగా ఉన్న సైటును తొందరపడి తీసివేయకండి. ఊరుకున్న ఫీడ్ వల్ల మీకు ఏ శ్రమా లేదు. మూడేళ్ళ విరామం తరువాత మళ్ళీ రాసిన వారిని నేను ఎరుగుదును, ఆ టపా మొదటి రోజునే నాకు అందింది కూడా.

సైటు తెరిచినప్పుడు డొమైన్ (సైటు పేరు) గడువు ముగిసినట్టు కనబడితే, లేదా త్వరలో మూసివేస్తున్నట్టు రచయిత రాసి ఉంటే, మీకు ముఖ్యమైన టపాల చిరునామాలను ఒక్కొక్కటిగా ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఇచ్చి చూడండి. ఇప్పటికే దాచి ఉంటే తేదీలతో కనబడుతుంది. లేకపోతే, సైటు ఇంకా తెరుచుకుంటున్నంత వరకూ అక్కడే పుటను భద్రపరచమనే పెట్టెలో ఆ చిరునామా ఇచ్చి దాచవచ్చు. చెరువుల సైటులోని నలభై చిల్లర టపాలను నేను పోయిన జులైలో అలా ఒక సాయంత్రం కూర్చుని దాచాను, మా ఊరి తూము బొమ్మ ఉన్న టపాతో మొదలుపెట్టి.